ఆరు సీసాల పెన్నేరు

తాండూరు గంజి బజారులో ఎండుగడ్డల దుకాణం నడిపే అనిల్‌కుమార్ నన్ను ఆరు నెలలు ఆగమన్నాడు. ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే ఇవాళ ఇది రాస్తూ కూర్చునేవాణ్ణి కాదు. అతను దొంగ అని నేననను. నాకిచ్చిన సీసాలో పైన రాసిన సరుకే ఉంది. తూకంలో ఎన్నడూ మోసం చేయలేదు. వెళ్లినప్పుడల్లా ఛాయ్ తెప్పించాడు. దొంగ అయితే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. నా మేలు కోరి, నవ్వుతూ, ఆగమన్నాడు. నేను ఆగాను.

నా పేరు బాలస్వామి. ధారూర్ స్టేషన్‌లో దిగి ఆరు కిలోమీటర్లు నడిస్తే మా ఊరు. గొర్రెలు కాసే ఇల్లు మాది. ఆరో తరగతి సగంలో ఉండగా మా బావ నాపరాళ్ల గనిలో బండ కింద పడి చనిపోయాడు. మా అక్క ఈశ్వరమ్మకు అప్పటికి పాతికేళ్లు, పిల్లలు లేరు. బావ వాటాకు వచ్చిన మెట్ట చెలక ఒకటి ఆమె పేరు మీదికి మారింది. అది మా ఊరి పొలిమేరలోనే ఉండటంతో ఆమె తిరిగి మా ఇంటికే వచ్చింది. చెలకకు మగమనిషి కావాలి, మందకు కాపరి కావాలి. మా నాయనకు అప్పటికే చూపు పోయింది. నేను బడి మానేశాను. బడి సార్ ఇంటికి వచ్చి అడిగితే అక్కే బదులు చెప్పింది, "సదువు ఎటు పోతది సారూ, వచ్చేడు పంపుత" అని. ఆ వచ్చే ఏడు ఇంకా రాలేదు. నాకిప్పుడు యాభై రెండు.

ఆ చెలకలో మన్ను కంటే రాయి ఎక్కువ ఉండేది. నలభై ఏళ్లు ఏరాం. ఏరిన రాళ్లే చుట్టూ నడుమెత్తు గోడ అయ్యాయి. ఎండాకాలం రాత్రుళ్లు మందను ఆ చెలకలోనే తోలి పడుకోబెట్టేవాణ్ణి, ఎరువు కోసం. ఇప్పుడు ఆ నేలలో కంది భుజాల దాకా ఎదుగుతుంది. నాకు పెళ్లయింది, నాలుగేళ్లు నిలిచింది, ఆ సంగతి ఇక్కడ అక్కర్లేదు. ఇంట్లో ఉండేది అక్క, నేను. బయట నలభై మూడు గొర్రెలు.

"గీ భూమి నీదే తమ్మీ, నా పేరు మీద ఉన్నదంతే" అని అక్క ఎన్నిసార్లు అన్నదో లెక్క లేదు. రాయించుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. మీసేవ సెంటరులో పని చేసే గణేశ్ ఒకరోజు పాస్‌బుక్కు చూసి చెప్పాడు, "కాకా, గిది నీ అక్క మొగుని తరఫున వచ్చిన భూమి. ఆమెకు పిల్లల్లేరు. ఆమె పోతే మొగునోళ్లకు పోతది, నీకు రాదు. బతికుండంగనే దానపత్రం చేయించుకో." మొగునోళ్లు అంటే బావ తమ్ముడు బిచ్చయ్య. మర్పల్లి దగ్గర ఉంటాడు. నలభై ఏళ్లలో ఆ చెలకలో అతను ఒక్క రాయి ఎత్తలేదు.

అప్పటికే అక్కకు మతిమరుపు మొదలైంది. ముందు చిన్నవే. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం పోయడం మరిచేది. ఒకరోజు జొన్నపిండి ఉన్న డబ్బాలో బెల్లం పెట్టి ఇల్లంతా వెతికింది. ఆ తర్వాత ధారూర్ అంగడికి పోయి, ఇంటికి వచ్చే దారి ఒక ఆటో ఆయనను అడిగింది. వికారాబాద్ తీసుకుపోయాను. డాక్టరు తలకు ఫోటో తీయించాడు, బొమ్మలు చూపించి ప్రశ్నలు అడిగాడు, తర్వాత నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు.

"ఇది తగ్గే జబ్బు కాదు. మెల్లగ పెరుగుతది. గోలీలు రాస్తున్న, కొంచెం ఆసరా ఉంటది. కానీ మీరు పక్కన ఉండాలె. రోజు చేసే పని, రోజు చూసే మొఖం, ఇవి మార్చొద్దు."

గోలీలు కొన్నాను. ఆ చివరి మాటను ఆస్పత్రి గేటు దగ్గరే వదిలేసి వచ్చాను. దానికి చీటీ లేదు కదా.

శ్రావణంలో అక్క తనే అడిగింది. వాకిట్లో కూర్చుని గొర్రెపిల్ల కాళ్లకు ముళ్లు తీస్తున్నది. "తమ్మీ, ఆఫీసుకు ఎన్నడు పోదాం? నాకు అన్ని మతికుంటలేవు. ఉన్నప్పుడే పోదాం" అన్నది. అప్పుడు వారంలో ఐదు రోజులు మంచిగానే ఉండేది. మరునాడే పోయి ఉండాల్సింది. ఆ మరునాడు నేను తాండూరు పోయాను, అనిల్‌కుమార్‌ను సలహా అడగడానికి.

అతని దగ్గరికే ఎందుకు పోయానంటే, ఆ దుకాణంతో మాకు పాత లెక్క ఉంది. అతని నాయన పాండురంగం సేటు ఉన్న రోజుల్లో అక్క బీళ్లలో పెన్నేరు గడ్డ తవ్వి ఎండబెట్టి ఆ దుకాణానికి అమ్మేది. పెన్నేరు అంటే సీసాల మీద అశ్వగంధ అని రాసేదే. పచ్చి గడ్డకు గుర్రం చెమట వాసన ఉంటుంది. బాగా ఎండిన గడ్డ విరిస్తే పటుక్కున విరగాలి, లోపల పిండిలా తెల్లగా ఉండాలి. వంగిందంటే నెమ్ము ఉన్నట్టు.

దుకాణం మారిపోయింది. కందిపప్పు బస్తాలు పోయి అద్దాల బీరువాలు వచ్చాయి. గడ్డలు కొని హైదరాబాదులో ఎక్కడికో పంపిస్తాడట, అక్కడ సారం తీసి పొడి చేస్తారట, ఆ పొడి గోలీల్లో నిండి సీసాల్లో తిరిగి వస్తుంది. పెన్నేరు సారం, సరస్వతి ఆకు సారం కలిపిన సీసా. మీద ముసలాయన బొమ్మ, చేతిలో పుస్తకం. గల్లా పక్కన పరుపు మీద అనిల్‌కుమార్ తల్లి గౌరమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను చెప్పులు విప్పకముందే గుర్తుపట్టింది.

"ఈశ్వరమ్మ తమ్మునివి కాదయ్యా నువ్వు? నీ అక్క ఎర్ర చీర కట్టుకొని వస్తుండె. గడ్డ తెచ్చి మా ఆయన ముక్కు కాడ విరిచి, గిట్ల విరగకపోతే పైసలియ్యకు సేటు, అంటుండె. మా ఆయనకు భయం ఆమె అంటే."

"అవునమ్మా. గా అక్కకే ఇప్పుడు మతి తప్పుతున్నది."

అనిల్‌కుమార్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "చూస్తున్నవ్ గదన్నా. అమ్మకు డెబ్బై తొమ్మిది. రెండేండ్ల సంది గీ సీసానే. నీ చెప్పుల తీరు సుత యాది పెట్టుకుంటది."

"యాదికుండక ఏమైతది, ఇదివరకు గవే చెప్పులేసుకొని వచ్చిండు" అన్నది గౌరమ్మ. గుమాస్తా నవ్వాడు. నేనూ నవ్వాను.

దానపత్రం సంగతి చెప్పాను. అప్పుడన్నాడు ఆ మాట.

"ఇప్పుడు తీస్కపోకు అన్నా. అధికారి నాలుగు ముచ్చట్లు అడుగుతరు. ఒక్క దానికి తడబడ్డదనుకో, మతి సక్కగ లేదని రాసుకుంటరు. ఒక్కసారి రాసుకుంటే మళ్ల నీకు తిప్పలు. ఆరు నెలలు ఆగు. నెలకో సీసా, ఆరు సీసాలు వాడిపియ్యి. తర్వాత దర్జాగ తీస్కపో. పైసల ఫికర్ చేయకు, గడ్డలు తేపో. నాలుగు కిలోల ఎండుగడ్డకు ఒక సీసా ఇస్త. నీకు తవ్వుడు కొత్తనా?"

నమ్మడానికి నా దగ్గర కారణం ఉంది. కాపరి కారణం. కొన్ని గొర్రెలు ఈనిన తర్వాత తమ పిల్లనే గుర్తుపట్టవు. దగ్గరికి వస్తే తలతో పొడుస్తాయి. వానలో తడిసి పిల్ల ఒంటి వాసన కొట్టుకుపోయినా, పరాయి చేతులు ఎక్కువ తగిలినా అంతే, ఇది నాది కాదంటుంది తల్లి. అట్లాంటి గొర్రెకు అక్క పెన్నేరు గడ్డ దంచి బెల్లంలో కలిపి తినిపించేది. తల్లి పాలే పిండి పిల్ల ఒంటికి రుద్ది దగ్గరికి తోసేది. తెల్లారేసరికి గొర్రె పిల్లను నాకుతూ ఉండేది. చిన్నప్పటి నుంచి కళ్లతో చూశాను. మామూలు గడ్డకే గొర్రెకు పిల్ల యాదికి వస్తే, కుప్పల గడ్డ సారం ఒక సీసాలో ఉంటే మనిషికి ఎందుకు రాదు అనుకున్నాను. ఆ రెండు పనుల్లో గడ్డ ఒక్కటే నా బుర్రలో నిలిచింది.

మొదటి సీసా అరువు ఇచ్చాడు. రైలులో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

నాలుగు కిలోల ఎండుగడ్డ అంటే చెప్పినంత తేలిక కాదు. ఒక చెట్టుకు వేలెడు గడ్డ, ఎండితే చిటికెన వేలు. బీళ్లన్నీ పొలాలయ్యాయి, పొలాలు ప్లాట్లయ్యాయి. అనంతగిరి కింది వాలు నుంచి కొడంగల్ రోడ్డు దాకా తిరిగేవాణ్ణి. వారానికి ఐదు రోజులు పొద్దున్నే గడ్డపార, గోనెసంచి పట్టుకుని పోవడం, చీకటి పడ్డాక రావడం. మందను చూసే మనిషి లేడు. నెల తిరక్కముందే నలభై మూడింటినీ తాండూరు వ్యాపారికి అమ్మేశాను, ఆ పైసలు పాత అప్పులకే సరిపోయాయి. లారీ ఎక్కిస్తుంటే అక్క వాకిట్లో నిలబడి ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలిచింది. బొల్లిది, చుక్కది, తోకమొండిది. "గివి ఎటు పోతున్నయ్?" అని అడిగింది. మేతకు అని చెప్పాను. గొంగడి మడిచి అటక మీద పెట్టాను. గొర్రెలు లేని కాపరికి గొంగడి ఎందుకు.

పగలు అక్కను పక్కింటి నాగరాణి చూసుకునేది. గోలీ మాత్రం పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, నా చేతులతోనే వేసేవాణ్ణి. ఒక్క పూట తప్పలేదు. దేవుడి మీద లేని నమ్మకం ఆ సీసా మీద పెట్టాను.

రెండో సీసా సగంలో ఫలితం కనబడింది. అంటే నాకు అట్లా కనబడింది. సాయంత్రం సంచి వాకిట్లో దింపితే అక్క వచ్చి గడ్డలు చేతిలోకి తీసుకునేది. ఒకటి విరిచి చెవి దగ్గర చప్పుడు వినేది, వాసన చూసేది. "గిది మంచిగున్నది. గిది నెమ్మున్నది, రెండెండలు పెట్టాలె" అని వేరు చేసేది. కళ్లలో వెలుగు. పాండురంగం సేటు దుకాణం, గౌరమ్మ చేసిన జొన్నగటక, తూకం రాళ్లు, అన్నీ చెప్పేది. నలభై ఏళ్ల కిందటి ధరలు చెప్పేది. "ఏ ఊరు నీది? ఎండల పడి తిరుగుతున్నవ్, జర మంచినీళ్లు తాగు" అనేది. ఆటపట్టిస్తున్నదనుకున్నాను. అక్కకు ఎగతాళి అలవాటే, చిన్నప్పుడు నన్ను "ఓ అల్లుడా" అని పిలిచి అన్నం పెట్టేది.

ఆ నెల అనిల్‌కుమార్‌తో చెప్పాను, "సేటు, మందు పని చేస్తున్నది. ధరలు సుత చెప్తున్నది" అని. అతనికి నిజంగా సంతోషమైంది. ఆ రోజు ఛాయ్‌తో పాటు సమోసా తెప్పించాడు.

నాగరాణి ఒకసారి అన్నది, "మామా, అత్త దినమంతా నీ కోసమే చూస్తది. మా తమ్ముడు గొర్లు తోల్కొని ఇంక రాలే, ఇంక రాలే అంటది. నువ్వొచ్చినంక సుత గదే అంటది." ఇంకా నాలుగు సీసాలున్నాయి కదా అనుకున్నాను.

మాఘంలో ఆరో సీసా అయిపోయింది. గణేశ్ స్లాట్ బుక్ చేశాడు. బుధవారం, పదకొండున్నర. ముందు రోజు మంగలి దగ్గరికి పోయాను. పొద్దున్నే వేడినీళ్లతో సబ్బు రుద్దుకుని స్నానం చేసి తెల్ల చొక్కా, తెల్ల పంచె కట్టాను. అక్కకు కొత్త చీర. ఆటోలో ఆమె నా వైపు చూసి, "పెండ్లికి పోతున్నవా అయ్యా?" అన్నది. ఆటో ఆయన నవ్వాడు.

మండలాఫీసులో బెంచీలన్నీ నిండిపోయాయి. మా నంబరు వచ్చింది. తహసీల్దారు మేడంకు ముప్పై దాటి ఉండవు. కంప్యూటరు పక్కకు జరిపి అక్కతో మెల్లగా మాట్లాడింది.

"నీ పేరేందమ్మా?"

"ఈశ్వరమ్మ."

"ఈ భూమి ఎవరిది?"

"నాదే. మా ఆయన వాటా. ఆయన గనిల చచ్చిపోయిండు."

"మరి ఎవరికి ఇస్తున్నవ్?"

"మా తమ్మునికి. బాలస్వామికి. నా కోసం సదువు ఇడిసిపెట్టిండు. నలభై ఏండ్లు గా చెలకల రాళ్లేరిండు. ఇంకెవలకిస్త?"

మేడం తల ఊపింది. క్లర్కు టైపు కొట్టడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లంతా తేలికైంది. ఆరు నెలల తవ్వుడు అక్కడికక్కడ మరిచిపోయాను. అనిల్‌కుమార్‌కు ఫోన్ చేసి ఏం చెప్పాలో మనసులో అనుకుంటున్నాను కూడా.

"సరే అమ్మా. మీ తమ్ముడు ఏడి?" ఊరికే అడిగింది మేడం, కాగితాల మీద సంతకం పెడుతూ.

అక్క అటూ ఇటూ చూసింది. నా మొఖం మీదుగా చూపు పోయింది, ఆగలేదు.

"గొర్ల కాడ ఉన్నడు. పొద్దుగూకితే వస్తడు."

మేడం కలం ఆగింది. "మరి ఈ పక్కన కూసున్నాయన?"

"గీనెనా? గడ్డలమ్మేటాయన. మంచోడే, దినాం తెస్తడు. పెన్నేరు గడ్డ."

వెనక లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, నేనే. బాలస్వామిని. సక్కగ చూడు."

ఆమె చెయ్యి గుంజుకుంది. కోపం లేదు, పరాయివాడితో ఉండే జాగ్రత్త ఉంది. "నీ గడ్డలు తీస్కున్న గదయ్యా. భూమి కాడికి ఎందుకొచ్చినవ్?" అన్నది. పాస్‌బుక్కు బల్ల మీది నుంచి తీసి కొంగులో కట్టుకుంది. "మా తమ్మునికి తప్ప ఎవ్వలకియ్య. ఆయన రానీ. నేను కూసుంట" అని బెంచీ మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

నా ఆధార్ కార్డు, ఆమె ఆధార్ కార్డు, రేషన్ కార్డు, అన్నీ బల్ల మీద పరిచాను. మేడం చూసింది. "మీరు ఆమె తమ్ముడే, నాకు అర్థమైతున్నది. కానీ ఇచ్చే మనిషి ఎవరికి ఇస్తున్ననో గుర్తుపట్టాలె గదా. మతి సక్కగ ఉందని డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చుకోండి, అప్పుడు చూద్దాం" అన్నది. ఆమెది తప్పనలేను. ఆమె స్థానంలో నేనున్నా పరాయివాడికి రాయించేవాణ్ణి కాదు. ఆ సర్టిఫికెట్ ఏ డాక్టరూ ఇవ్వడని నాకు తెలుసు. సాయంత్రం ఐదింటికి ఆఫీసు మూసేదాకా అక్క లేవలేదు. వాచ్‌మన్ వచ్చి, "నీ తమ్ముడు ఇంటికి పోయిండంట అవ్వా" అంటేనే లేచింది.

ఆ లైనులో మర్పల్లి వైపు మనిషి ఎవరో ఉన్నట్టున్నాడు. నాలుగో రోజుకు బిచ్చయ్య ఆఫీసులో కాగితం పెట్టాడు, మా వదినకు మతి లేదు, ఆమె పేరు మీది భూమి ఎవరికీ మార్చొద్దని.

ఆ వారంలోనే తాండూరు పోయాను. చలి ఎక్కువగా ఉంది, స్వెట్టరు లేదు. అటక మీది గొంగడి తీసి కప్పుకున్నాను. దారి పొడుగునా తిట్లు కూర్చుకుంటూ పోయాను. దుకాణంలో అనిల్‌కుమార్ లేడు, అతని భార్య రజిని గల్లా మీద ఉంది. గౌరమ్మ లోపల పడుకుంది. ఆరు ఖాళీ సీసాలు గల్లా మీద వరసగా పెట్టాను.

"ఏమైందన్నా?"

"ఏం గాలేదు. మీ అత్త సక్కగ ఉండె గదా గీ సీసాతోని. మా అక్క నన్నే మరిచింది."

రజిని సీసాలను పక్కకు జరిపింది. గుమాస్తాను ఏదో పని మీద పంపించింది. "అన్నా, నేను చెప్పిన్నని ఆయనతో అనకు. మా అత్త గవి మింగదు. రెండేండ్ల సంది దిండు గలేబుల దాస్తున్నది. పోయిన నెల ఉతుకుదామని తీస్తే గుప్పెడు పడ్డయ్. ఆమెకు పుట్టుక సంది గట్లనే యాదికుంటది. పెండ్లిల నేను గాజు పగలగొట్టింది ఇంక మర్వలే."

అప్పుడే అనిల్‌కుమార్ వచ్చాడు. విన్నాడు. మొఖం చిన్నబుచ్చుకున్నాడు. "అన్నా, మతి మంచిగున్నోళ్లకు కాపాడుతదంటరు గని పోయిన మతి తెస్తదని నేనన్ననా? పని చేస్తున్నదని నువ్వే చెప్పితివి."

అనలేదు. ఆగమన్నాడు, అంతే. చెప్పింది కూడా నేనే, సమోసా తింటూ. కూర్చుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. ఏడో సీసా ఊరికే ఇస్తానన్నాడు. తీసుకోలేదు. అంతవరకే చేయగలిగాను.

ధారూర్‌లో రైలు దిగి నడుస్తుంటే పొద్దుగూకింది. చలికి గొంగడి తల మీదికి లాక్కున్నాను. వాకిట్లోకి అడుగుపెట్టగానే గడప మీద కూర్చున్న అక్క లేచి నిలబడింది.

"గింత పొద్దు చేసినవేం తమ్మీ? గొర్లన్ని వచ్చినయా?"

ఆరు నెలల తర్వాత తమ్మీ అన్నది. దగ్గరికి వచ్చి గొంగడి అంచు పట్టుకుంది, ముక్కుకు ఆనించుకుంది. ఉన్ని, పెంటిక, పాత వాన, నలభై ఏళ్ల మంద అందులో ఉంది. నాకప్పుడు యాదికి వచ్చింది, గొర్రెకు గడ్డ తినిపించిన చేతులతోనే అక్క ఇంకో పని కూడా చేసేదని. పిల్ల ఒంటికి పాలు రుద్దేదని. నేను గుర్రం వాసన పూసుకుని ఆరు నెలలు ఆమె ముందు తిరిగాను. చివరికి సబ్బుతో కడుక్కుని ఆఫీసులో కూర్చున్నాను.

"అన్నీ వచ్చినయ్ అక్కా. నలభై మూడు."

"బొల్లిది కుంటుతుండె."

"ఇప్పుడు మంచిగున్నది."

ఆ రాత్రి అన్నం పెట్టి నా ముందు కూర్చుంది. గొంతు తగ్గించి చెప్పింది, ఎవరో వింటారన్నట్టు. "తమ్మీ, గా గడ్డలమ్మేటాయన ఉన్నడు సూడు. మంచోడనుకున్న. మొన్న నన్ను ఆఫీసుకు తోల్కపోయి, నీ పేరు చెప్పి భూమి రాయించుకుందామని చూసిండు. తెల్లబట్టలేసుకొని వచ్చిండు, నేనే నీ తమ్ముణ్ణి అంటడు."

నేను ఇంకో ముద్ద కలిపాను.

"మరి నువ్వేం చేసినవ్ అక్కా?"

"నేనిస్తనా? పాస్‌బుక్కు కొంగుల కట్టుకున్న. నీ భూమి నీకే ఉంచిన."

"మంచి పని చేసినవ్."

"మల్ల వస్తే కుక్కల్ని ఉసిగొల్పు" అన్నది. నవ్వింది. చిన్నప్పటి నవ్వే.

ఇంకోసారి ఆఫీసుకు పోలేదా అని మీరడగొచ్చు. గొంగడి కప్పుకునే పోయాను, ఆమెను కూడా తీసుకుపోయాను. పగటి పూట గొంగడి ఉన్నా గుర్తుపట్టలేదు. ఆమె తమ్ముడు పొద్దుగూకితేనే వస్తాడు, ఆఫీసు ఐదింటికి మూస్తారు. పైగా బిచ్చయ్య కాగితం ఉంది, అది తేలేదాకా ఏమీ చేయలేమన్నారు.

ఆ తర్వాత ఐదు నెలలు నేను చేసిన పని ఒక్కటే. గడ్డపార అమ్మేశాను. పగలు ఇంట్లోనే ఉండి ఆమెకు వండిపెట్టేవాణ్ణి. పగలంతా నేను ఎవరో ఆమెకు తెలియదు. ఒకసారి జీతగాడు, ఒకసారి నాగరాణి మొగుడు. పొద్దు వాలుతుంటే గొంగడి, కర్ర పట్టుకుని దొడ్డిదారిన బయటికి పోయేవాణ్ణి. ఖాళీ దొడ్డి చుట్టూ తిరిగి, చెలక గోడ దాకా నడిచి, దారిలో మంద ఉన్నట్టే నాలిక కొట్టి అదిలిస్తూ ముందు వాకిలి నుంచి వచ్చేవాణ్ణి. ఊళ్లో పిచ్చి పట్టిందన్నారు. ఎంకమ్మ కల్లు దుకాణం దగ్గర కూర్చున్నవాళ్లు, "బాలస్వామీ, మంద మస్తు పెరిగినట్టున్నది" అనేవాళ్లు. "మీ కండ్లకు కనబడితే సంతోషం" అని పోయేవాణ్ణి. రోజుకు ఒక గంట నాకు అక్క ఉండేది. ఆ గంటలో ఆమె ప్రతి రోజూ అదే చెప్పేది, గడ్డలమ్మేవాడు రాలేదని, భూమి భద్రంగా ఉందని.

ఆషాఢంలో పోయింది. నిద్రలోనే పోయింది. కొంగు ముడి విప్పితే పాస్‌బుక్కు ఉంది, చెమటకు అంచులు ఉబ్బి.

పదకొండో రోజు బిచ్చయ్య వచ్చి ఏడ్చాడు, అది నిజం ఏడుపే అనుకుంటాను. మూడో నెలలో భూమి అతని పేరు మీదికి మారింది. సర్వే వాళ్లను తీసుకొచ్చి గొలుసు పట్టించాడు. గోడ రాళ్లు ఎవరివని అడిగితే భూమితో పాటే అన్నారు. నన్ను గొలుసు ఒక కొస పట్టుకోమన్నారు, మనిషి తక్కువయ్యాడని. పట్టుకున్నాను. హద్దులు నా కంటే ఎవరికి బాగా తెలుసు.

ఇప్పుడు కూడా పొద్దుగూకితే కాళ్లు దొడ్డిదారి పడతాయి. గడప మీద ఎవరూ లేకపోయినా ముందు వాకిలి నుంచే వస్తాను. అనిల్‌కుమార్ రెండుసార్లు ఫోన్ చేశాడు, గడ్డ ధర పెరిగిందట. ఎత్తలేదు.

సర్వే ఆయన నా ముందే లెక్క కట్టి పుస్తకంలో రాసుకున్నాడు. రెండెకరాల పదకొండు గుంటలు.